ఇసుకలో పునాది
(సర్ ఆర్థర్ కాటన్ జీవిత చరిత్ర)

ప్రక్రియ : జీవిత చరిత్ర

ఉద్దేశం : ఒక కట్టడానికి ఎంత రాయి, ఎంత సున్నం, ఎంత ధనం అవసరమో ముందుగా లెక్కకట్టడం ఇంజనీరు ప్రథమ కర్తవ్యం. ఆ లెక్క కాగితం మీద మొదలైనా, దాని ఫలితం ప్రజల బ్రతుకులలో కనిపిస్తుంది. గోదావరి డెల్టాకు జీవం పోసిన ఆర్థర్ కాటన్ కృషిని, పునాది విషయంలో ఆయన చూపిన వివేకాన్ని, ఆయన అంచనాల బలాన్నీ పరిమితులనూ విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

ఏ కట్టడంలోనైనా లోకం కంటికి కనిపించేది పైభాగమే. దానిని మోసే పునాది మట్టిలో మరుగున పడి ఉంటుంది. గోడ పగిలితే మరమ్మతు చేయవచ్చు. పునాది కుంగితే గోడతో పాటు సమస్తమూ కూలిపోతుంది. అందుచేత పునాది ఎంత లోతుకు వెళ్ళాలి, ఎంత వెడల్పు ఉండాలి, దానిలో ఎంత సామగ్రి పోయాలి అన్న మూడు ప్రశ్నలకు సమాధానం దొరికిన తరువాతనే కట్టడం మొదలవుతుంది. నేల గట్టిగా ఉన్నచోట ఈ సమాధానం సులభం. అడుగు కనిపించని ఇసుక మీద, ఏటేటా వరదలతో పోటెత్తే మహానదికి అడ్డంగా గోడ కట్టవలసి వచ్చినప్పుడు ఇదే ప్రశ్న మహా మహా నిపుణులను సైతం కలవరపెడుతుంది. అటువంటి ప్రశ్నకు పందొమ్మిదవ శతాబ్ది నడుమ ధవళేశ్వరం వద్ద సమాధానం చెప్పినవాడు ఆర్థర్ థామస్ కాటన్.

కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో జన్మించాడు. పదకొండుమంది సోదరులలో ఆయన పదవవాడు. పదిహేనేళ్ళ ప్రాయంలో ఈస్టిండియా కంపెనీ సైనికోద్యోగులకు శిక్షణనిచ్చే అడిస్కోంబ్ విద్యాలయంలో చేరాడు. 1819లో మద్రాసు ఇంజనీర్ల దళంలో నియమితుడై, 1821లో మద్రాసు చేరుకున్నాడు. అప్పటికి ఆయన వయస్సు పద్దెనిమిదేళ్ళు. తొలి బర్మా యుద్ధంలో పాల్గొని తిరిగి వచ్చిన పిమ్మట ఆయన దృష్టి పూర్తిగా నీటిపారుదల మీదికి మళ్ళింది. ఆయన జీవితాన్ని మలుపు తిప్పిన విద్య ఇంగ్లండులోని తరగతి గదిలో లభించినది కాదు. తంజావూరు సీమలో కావేరి ఇసుకల మధ్య లభించినది.

శ్రీరంగం ఎగువన కావేరి రెండు పాయలుగా చీలుతుంది. ఉత్తరపు పాయ కొళ్ళిడం. దక్షిణపు పాయ కావేరి. కొళ్ళిడం వాలు ఎక్కువ. అందువల్ల ఏటికేడు నీరు అటువైపు లాగుకొనిపోతూ, కావేరి పాయ మేటవేసి పూడిపోసాగింది. తంజావూరు మాగాణులు ఎండిపోయే పరిస్థితి ఏర్పడింది. దీనికి విరుగుడు వెదకడానికి కాటన్ నియుక్తుడయ్యాడు. పరిశీలనలో భాగంగా ఆయన కల్లణైని చూశాడు. అది చోళరాజు కరికాలుడు నిర్మించినట్లు పరంపరగా చెప్పుకొనే ప్రాచీనమైన ఆనకట్ట. సుమారు 1,080 అడుగుల పొడవు, 40 నుండి 60 అడుగుల వెడల్పు, 15 నుండి 18 అడుగుల ఎత్తు గల ఆ రాతికట్ట పాములా మెలికలు తిరిగి నది ఇసుకపై పరుండి ఉంది. శతాబ్దాల తరబడి వరదలు దానిని కదల్చలేకపోయాయి.

ఈ కట్ట కాటన్‌ను ఆలోచింపజేసింది. నాటి పాశ్చాత్య నిర్మాణ విద్యలో పునాది అంటే గట్టి నేల తగిలేవరకు తవ్వడమే. ఇసుక ఎంత లోతు ఉన్నదో తెలియని నదిలో ఆ పద్ధతి పనికిరాదు. లోతు తెలియనప్పుడు పరిమాణం తెలియదు; పరిమాణం తెలియనప్పుడు ఖర్చు తెలియదు; ఖర్చు తెలియని పనిని ఏ ప్రభుత్వమూ మంజూరు చేయదు. చోళుల కాలపు నిర్మాతలు ఈ చిక్కుముడిని వేరొక విధంగా విప్పారు. వారు పెద్ద పెద్ద బండరాళ్ళను ఇసుకలోకి వదిలారు. రాయి తన బరువుకు కుంగి, ఇక కుంగనిచోట నిలిచింది. దానిపై మరల రాళ్ళు, బంకమట్టి పేర్చి కట్టను లేపారు. లోతును వెదకుతూ పోక, వెడల్పును, బరువును నమ్ముకొన్నారు. అడుగులేని ఇసుకలో పునాది నిలపడం ఈ ప్రాచీనుల వద్దనే నేర్చుకున్నామని కాటన్ తరువాతి కాలంలో బహిరంగంగా అంగీకరించాడు. పాలకజాతికి చెందిన అధికారి పాలితుల పూర్వీకులను గురువులుగా స్వీకరించడం ఆ కాలంలో అరుదైన సంస్కారం.

కాటన్ ఆ పాఠాన్ని వెంటనే ఆచరణలో పెట్టాడు. 1836లో కొళ్ళిడం మొదట్లో ఎగువ ఆనకట్ట, దిగువన మరొక ఆనకట్ట నిర్మాణానికి నాయకత్వం వహించాడు. కావేరిలోకి మరల నీరు చేరింది. తంజావూరు పొలాలు పచ్చబడ్డాయి. ఆ రోజులలోనే మద్రాసు వద్ద రోడ్లకు రాయి చేరవేయడానికి రెడ్‌హిల్స్ నుండి ఇనుప పట్టాల దారి వేయించాడు. 1837లో నడిచిన ఆ దారి భారతదేశంలో తొలి రైలుమార్గంగా పేరుగాంచింది. రాయి ఎంత అవసరమో లెక్కిస్తే చాలదు, అది పనిచోటుకు ఎట్లా చేరుతుందో కూడా లెక్కించాలన్న ఆయన ముందుచూపుకు ఇది తార్కాణం.

ఇదే సమయంలో తెలుగుదేశం దుర్భర స్థితిలో ఉంది. 1832–33లో, నందన నామ సంవత్సరంలో, గుంటూరు సీమను పట్టిపీడించిన కాటకాన్ని ప్రజలు డొక్కల కరువు అని పిలిచారు. ఆకలితో లక్షకు పైగా ప్రాణాలు పోయాయి. గోదావరి సీమ సైతం దాని బారి నుండి తప్పించుకోలేదు. 1839లో కోరంగి తీరాన్ని పెనుతుపాను ముంచెత్తింది. 1821లో సుమారు 7 లక్షల 38 వేలు ఉన్న రాజమహేంద్రవరం జిల్లా జనాభా ఇరవై యేళ్ళలో 5 లక్షల 61 వేలకు దిగజారింది. కొందరు మరణించారు, కొందరు పొట్ట చేతపట్టుకొని ఇతర ప్రాంతాలకు తరలిపోయారు. నిండుగా ప్రవహించే గోదావరి ఒడ్డున మనుషులు నీరులేక అలమటించారు. వర్షకాలంలో ఊళ్ళను ముంచిన నీరే, వేసవి నాటికి అందని లోతుకు జారిపోయేది. నదిలో నీటిమట్టాన్ని పెంచి కాలువలకు మళ్ళిస్తే తప్ప ఈ దుస్థితికి అంతం లేదు.

1844లో కాటన్ గోదావరిని పరిశీలించి ప్రభుత్వానికి నివేదిక సమర్పించాడు. మరుసటి సంవత్సరం మరొక నివేదికను పంపాడు. ఆనకట్టకు ఆయన ఎంచుకున్న స్థలం ధవళేశ్వరం. అక్కడ నది లంకలతో కలిపి సుమారు నాలుగు మైళ్ళ వెడల్పున పరచుకొని ఉంటుంది. ఇరుకైన చోటును విడిచి ఇంత విశాలమైన చోటును ఎన్నుకోవడం మొదటి చూపుకు వింతగా తోస్తుంది. దీనికి బలమైన కారణాలున్నాయి. నది విస్తరించినచోట ప్రవాహం పలచబడుతుంది. వరద తాకిడి తగ్గుతుంది. నది నడుమ ఉన్న లంకల మీద రాతికట్టడం అవసరం లేదు, మట్టికట్టలు చాలు. డెల్టా మొదలయ్యేది అక్కడే కనుక రెండు వైపులకూ కాలువలు తీయవచ్చు. అన్నింటికీ మించి ధవళేశ్వరం కొండలో రాయి పుష్కలంగా ఉంది.

లంకలను మినహాయించగా నాలుగు పాయలు మిగిలాయి. ధవళేశ్వరం పాయ 4,872 అడుగులు, ర్యాలి పాయ 2,862 అడుగులు, మద్దూరు పాయ 1,548 అడుగులు, విజ్జేశ్వరం పాయ 2,583 అడుగులు. మొత్తం 11,865 అడుగులు. అంటే సుమారు రెండుంబావు మైళ్ళు. నాలుగు మైళ్ళ నది ఈ విధంగా రెండుంబావు మైళ్ళ కట్టడమయింది. అంచనాలో మొదటి పొదుపు స్థలాన్ని ఎన్నుకోవడంలోనే సాధ్యమయిందన్న మాట.

తరువాతి మెట్టు పునాది. కావేరి వద్ద నేర్చిన సూత్రమే ఇక్కడా ఆధారమయింది. ఎగువ అంచున ఇసుకలోకి సుమారు ఆరడుగుల లోతున రాతి నూతులు దించి, వాటిపై సుమారు ఏడడుగుల అడ్డుగోడ కట్టారు. ఆ గోడ వెనుక నది ఇసుకనే ఎత్తుగా పోసి, దానిపై నాలుగడుగుల మందాన సున్నంతో రాతికట్టడాన్ని పరిచారు. అందులో పైభాగం సుమారు 19 అడుగుల వెడల్పున సమతలంగా, దిగువభాగం సుమారు 28 అడుగుల మేర ఏటవాలుగా ఉన్నాయి. ఏటవాలు ముగిసినచోట పెద్దరాళ్ళను గుట్టలుగా విడిచారు. పైనుండి దూకే నీరు ఆ రాళ్ళమీద పడి తన వేగాన్ని కోల్పోతుంది. అడుగున ఇసుక కొట్టుకుపోతే రాళ్ళు తమంతట తామే ఆ గుంతలోకి జారి దానిని పూడ్చివేస్తాయి.

ఇట్లా రూపం నిర్ణయమైన తరువాత పరిమాణం లెక్కకు అందుతుంది. పొడవును వెడల్పుతోను, ఆ లబ్ధాన్ని మందంతోను గుణించడమే ఇందులోని గణితం. సమతలమూ ఏటవాలూ కలిసి 47 అడుగులు. మందం 4 అడుగులు. అంటే ఒక్కొక్క అడుగు పొడవుకు 188 ఘనపుటడుగుల రాతికట్టడం అవసరం. నూరు అడుగులకు 18,800 ఘనపుటడుగులు. 4,872 అడుగుల ధవళేశ్వరం పాయకు ఈ పొర ఒక్కటే 9 లక్షల ఘనపుటడుగులు దాటుతుంది. నూతులు, అడ్డుగోడ, తూములు, లాకులు, వదులు రాళ్ళు దీనికి అదనం. అడుగున ఇసుక ఎంత లోతున్నా ఈ లెక్క మారదు. లోతుకు బదులు వెడల్పును నమ్ముకోవడం వల్ల కలిగిన మేలు ఇదే. ఎంత పోసినా నిండని గుంతగా తోచిన పని, కొలతకు లొంగే పనిగా మారింది.

ఆనకట్టకు సుమారు 4 లక్షల 75 వేల రూపాయలు వ్యయం కాగలదని అంచనా వేశారు. కంపెనీ డైరెక్టర్లు ప్రతి రూపాయికి లెక్క అడిగేవారు. అంచనా హెచ్చితే అనుమతి రాదు. తగ్గించి కడితే వరద కట్టను మింగివేస్తుంది. పంటలు పెరిగితే శిస్తు రూపంలో కంపెనీ బొక్కసానికి లాభమని నిరూపించిన తరువాతనే అనుమతి లభించింది. పాలకులు ఆశించినది ఆదాయం. ప్రజలకు కావలసినది అన్నం. ఈ రెండింటినీ ఒకే పథకంలో కలిపి చూపగలగడం కాటన్ నేర్పు. 1846 డిసెంబరులో మంజూరు ఉత్తర్వు వచ్చింది. 1847లో పని ప్రారంభమయింది.

ధవళేశ్వరం ఒక మహానగరం వలె సందడితో నిండిపోయింది. పదివేలమంది దాకా కూలీలు పనిలో దిగారు. కొండనుండి కోసిన రాయి ఇనుప పట్టాలపై బండ్లలో నది ఒడ్డుకు, అక్కడినుండి పడవలలో పాయల నడుమకు చేరేది. వడ్డెరలు, కమ్మరులు, వడ్రంగులు, సున్నం గానుగ పట్టేవారు, నూతులు దించేవారు ఎండనక వాననక శ్రమించారు. వారి పేర్లు చరిత్రకు ఎక్కలేదు. ఎక్కిన కొద్దిపేర్లలో వీణం వీరన్న ఒకటి. కాటన్‌కు కుడిభుజంగా నిలిచి, పనివారిని కూడగట్టి, ఒక్కతాటిపై నడిపిన ఈ తెలుగువాడు తరువాత రాయ్ బహద్దూర్ బిరుదాన్ని పొందాడు.

నదిలో పనికి అనువైన కాలం సంవత్సరంలో కొన్ని నెలలే. వరద రాకముందే చేపట్టిన భాగాన్ని ముగించకపోతే పెట్టిన రాయి కొట్టుకుపోతుంది. ఈ ఒత్తిడి కాటన్ ఆరోగ్యాన్ని దెబ్బతీసింది. 1848లో ఆయన సెలవుపై ఆస్ట్రేలియా వెళ్ళవలసి వచ్చింది. ఆయన లేని కాలంలో ఛార్లెస్ ఓర్ అనే యువ ఇంజనీరు పనిని సమర్థంగా కొనసాగించాడు. వ్యక్తి తొలగినా పని ఆగలేదంటే, పథకం స్పష్టంగా కాగితం మీదికి ఎక్కి ఉండటమే అందుకు కారణం. 1850లో కాటన్ తిరిగి వచ్చాడు. 1852 నాటికి ఆనకట్ట పూర్తయింది. అదే కాలంలో హేగ్ అనే అధికారి గన్నవరం వద్ద నదీపాయ మీదుగా 49 ఖానాల అక్విడక్టును కట్టించి, నగరం లంకకు కాలువ నీటిని చేర్చాడు. మరి మూడేళ్ళలో బెజవాడ వద్ద ఓర్ నాయకత్వంలో కృష్ణకు ఆనకట్ట వెలసింది.

కాటన్ అంచనాలు దోషరహితమైనవని చెప్పడం సత్యం కాదు. గోదావరి ఆనకట్ట నిర్మాణవ్యయం మొదటి అంచనాను ఎంతో మించిపోయింది. ముఖ్యంగా దిగువన విడిచిన వదులు రాళ్ళ లెక్క తప్పింది. రాతికట్టడాన్ని గజంబద్దతో కొలవవచ్చు. నది ఏటా ఎంత రాయిని మింగుతుందో కొలిచే గజంబద్ద లేదు. కట్ట పూర్తయిన తరువాత కూడా ఏళ్ళ తరబడి వరద తీసిన వెంటనే దిగువన రాళ్ళు పోస్తూనే ఉండవలసి వచ్చింది. ఆయన ప్రోద్బలంతో ఒక ప్రైవేటు కంపెనీ చేపట్టిన కర్నూలు–కడప కాలువ కూడా ఖర్చులో అంచనాను మించి, రాబడిలో అంచనాకు అందక నష్టపోయింది. చివరకు 1882లో ప్రభుత్వం దానిని కొనుగోలు చేసింది. రైలుమార్గాలకంటె జలమార్గాలే ఈ దేశానికి మేలని వాదించిన కాటన్, 1878లో బ్రిటిష్ పార్లమెంటు నియమించిన సంఘం ఎదుట నిలిచి తన పథకాలపై వచ్చిన విమర్శలకు సమాధానం చెప్పుకోవలసి వచ్చింది. ఒక నది నేర్పిన పాఠం మరొకచోట పూర్తిగా వర్తించదని, లెక్కకు ముందు నేలను చదవాలని ఈ వైఫల్యాలు బోధిస్తున్నాయి.

అయినప్పటికీ గోదావరి తీరంలో ఫలితం అంచనాను మించింది. కరవుతో పాడుపడిన సీమ వరిచేలతో నిండింది. కాలువలు పంటకు నీటినీ పడవలకు దారినీ ఇచ్చాయి. వలసలు ఆగి, ఇతర ప్రాంతాల ప్రజలే ఇక్కడికి తరలివచ్చారు. 1861లో కాటన్‌కు సర్ బిరుదం లభించింది. ఇంగ్లండుకు చేరిన తరువాత కూడా ఆయన భారతదేశపు నదులను గురించి రాస్తూ, వాదిస్తూనే ఉన్నాడు. 1899 జూలైలో తన తొంభైయారవ యేట డోర్కింగ్ పట్టణంలో కన్నుమూశాడు. గోదావరి ప్రజలు ఆయనను అపర భగీరథుడని కొనియాడారు. గోదావరిలో స్నానమాడే వేళ ఆయనను స్మరించేందుకు పండితులు సంస్కృతంలో శ్లోకాన్ని కూర్చారు. పాత ఆనకట్ట శతాబ్దానికి పైగా సేవలందించింది. దాని స్థానంలో 1970లో మొదలైన కొత్త కాంక్రీటు బ్యారేజీ 1982లో ఆయన పేరుతోనే జాతికి అంకితమయింది.

నేడు సున్నం స్థానాన్ని సిమెంటు ఆక్రమించింది. పునాది లెక్క మాత్రం నాటిదే. ఒక ఇంటి స్తంభం కింద ఒకటిన్నర మీటరు పొడవు, ఒకటిన్నర మీటరు వెడల్పు, 0.4 మీటరు మందం గల దిమ్మె వేయవలసి ఉందనుకుందాం. మూడింటినీ గుణిస్తే 0.9 ఘనపు మీటరు వస్తుంది. తడిపి దట్టించినప్పుడు కాంక్రీటు కుదించుకుపోతుంది కనుక, పొడి సామగ్రిని సుమారు ఒకటిన్నర రెట్లు, కచ్చితంగా చెప్పాలంటే 1.54 రెట్లు తీసుకోవాలి. అది దాదాపు 1.39 ఘనపు మీటర్లు. ఒక పాలు సిమెంటు, రెండు పాళ్ళు ఇసుక, నాలుగు పాళ్ళు కంకర చొప్పున పంచితే సిమెంటు వాటా ఏడవవంతు. అంటే ఇంచుమించు 0.2 ఘనపు మీటరు, అనగా 50 కిలోల బస్తాలు ఆరు. పనిలో పోయే వృథాకు మరికొంత చేర్చుకోవాలి. ఈ గుణకారం ఎవరైనా చేయగలరు. ఆ దిమ్మె అంత వెడల్పే ఎందుకుండాలి, అక్కడి నేల ఎంత బరువును మోయగలదు అన్న ప్రశ్నలకు మాత్రం నేలను పరీక్షించినవారే సమాధానం చెప్పగలరు.

కాటన్ జీవితం అందించే సందేశం ఇదే. లెక్క తెలిసినవాడు సామగ్రిని నిర్ణయిస్తాడు. నేల స్వభావం తెలిసినవాడు కట్టడాన్ని నిలుపుతాడు. తనకంటె ముందు ఆ నేలపై కట్టినవారి వద్ద వినయంతో నేర్చుకున్నవాడికి ఆ రెండూ అలవడతాయి. ధవళేశ్వరం ఇసుకలో నిలిచిన పునాది వెనుక ఒక ఆంగ్లేయుని గణితంతో పాటు చోళుల కాలపు అనామక శిల్పుల అనుభవం, వేలాది తెలుగు కూలీల చెమట కలగలిసి ఉన్నాయి.

అర్థాలు

నియుక్తుడు = నియమింపబడినవాడు
మేటవేయు = ఇసుక, ఒండ్రు పేరుకొను
మాగాణి = నీటి వసతి గల వరిపొలం
కాటకం = కరవు
తార్కాణం = నిదర్శనం, ఉదాహరణ
లంక = నది నడుమ ఏర్పడిన దీవి
లబ్ధం = గుణించగా వచ్చిన ఫలితం
బొక్కసం = ధనాగారం, ఖజానా
ఖానా = వంతెన స్తంభాల మధ్య ఖాళీ
అక్విడక్టు = నది మీదుగా కాలువ నీటిని దాటించే వంతెన
ప్రోద్బలం = ప్రేరణ, ప్రోత్సాహం
అపర = మరొక, రెండవ

అభ్యాసం

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. అడుగు తెలియని ఇసుకలో పునాది వేసే పద్ధతిని కాటన్ ఎక్కడ, ఎట్లా గ్రహించాడు? దానిని గోదావరిపై ఏ విధంగా ప్రయోగించాడు?
2. కాటన్ అంచనాలలోని బలాన్ని, పరిమితులను పాఠం ఆధారంగా చర్చించండి.

II. లఘు సమాధాన ప్రశ్నలు
1. ఆనకట్టకు ధవళేశ్వరాన్ని ఎన్నుకోవడానికి గల కారణాలు తెలపండి.
2. ఏటవాలుకు దిగువన వదులు రాళ్ళను ఎందుకు విడిచారు?
3. ఆనకట్టకు ముందు గోదావరి సీమ పరిస్థితిని వివరించండి.

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. కల్లణైని నిర్మించినట్లు చెప్పుకొనే రాజు ఎవరు?
2. కాటన్ సెలవులో ఉన్నప్పుడు పనిని కొనసాగించినవారెవరు?
3. ధవళేశ్వరం బ్యారేజీ ఏ సంవత్సరంలో జాతికి అంకితమయింది?

IV. కృత్యం
రెండు మీటర్ల పొడవు, ఒక మీటరు వెడల్పు, అర మీటరు మందం గల పునాది దిమ్మెకు పాఠంలోని పద్ధతిలో ఎన్ని సిమెంటు బస్తాలు అవసరమో లెక్కించండి. మీ ఊరిలో ఇల్లు కట్టే మేస్త్రీని అడిగి, ఆ నేలకు తగిన పునాదిని ఎట్లా నిర్ణయిస్తారో తెలుసుకొని రాయండి.